డూగల్ రాతి మీది మాట

అఖవాన్ లోయలో డూగల్‌ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "క్యార్డ్ వచ్చాడు, ఆ చిల్లుబకెట్టు పట్రా" అనేవారు. "క్యార్డ్ పోయాడు, కోళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు" అనేవారు. ఆ రెండో మాట అతను గేటు దాటకముందే, అతనికి వినపడేటట్టే అనేవారు.

స్కాట్లాండ్ ఉత్తరపు కొండల్లో గేలిక్ మాట్లాడే ఊళ్ళన్నిటిలోనూ క్యార్డ్ అంటే గుడారం వేసుకుని ఊరూరా తిరుగుతూ రేకు సామాను చేసి అమ్ముకునేవాడు, చిల్లుపడ్డ గిన్నెలకి మాటు వేసేవాడు. కానీ ఆ మాట అక్కడితో ఆగేది కాదు. మురికివాడు, చేతివాటం ఉన్నవాడు, నమ్మరానివాడు అన్న అర్థాలన్నీ దాని వెంటే వచ్చేవి. ఇద్దరు రైతులు గొర్రెల దగ్గర పోట్లాడుకుంటే అన్ని తిట్లూ అయిపోయాక ఒకరి మీదికి ఒకరు విసురుకునే ఆఖరి తిట్టు అదే. అన్నం తినని పిల్లలకి తల్లులు చెప్పే భయమూ అదే.

డూగల్ మాత్రం నవ్వేసేవాడు. "నన్ను క్యార్డ్ అనక బిషప్ అంటారా?" అనేవాడు కూతురితో.

కూతురి పేరు షీలస్. ముప్పై ఆరేళ్ళు. ఊళ్ళో చేపలు పట్టడానికి వచ్చే దొరల కోసం కట్టిన హోటల్లో దుప్పట్లు ఉతికే పని చేసేది. తల్లి పోయాక తండ్రికి మోకాళ్ళు పట్టేశాయి. గుడారాలూ బండీ వదిలేసి, ఊరి చివర కౌన్సిల్ వాళ్ళు కట్టిన రెండు గదుల ఇంట్లో చేరారు. నాలుగు చలికాలాలు అక్కడే గడిచాయి. అప్పటికి ప్లాస్టిక్ బకెట్లు వచ్చేశాయి. రేకు బకెట్టు అడిగేవాళ్ళు లేరు. అయినా డూగల్ పొద్దున్నే పెరట్లో దాగలి అనే ఇనపదిమ్మ ముందు కూర్చుని రేకు కత్తిరించేవాడు, చెక్క సుత్తితో అంచు మలిచేవాడు, టంకం పెట్టేవాడు. చేసిన జగ్గుల్ని వరసగా గోడకి తగిలించేవాడు. గోడ నిండిపోతే కొన్నిటిని విప్పదీసి ఆ రేకుతోనే మళ్ళీ కొత్తవి చేసేవాడు.

"అమ్ముడుపోనివి ఎందుకు నాన్నా?" అని షీలస్ ఒకసారి అడిగింది.

"చేతులు నన్ను అడక్కుండానే లేస్తున్నాయే. వాటికి నువ్వే నచ్చజెప్పు" అన్నాడు.

డూగల్‌కి ఒక కొడుకు కూడా ఉన్నాడు. లాక్లన్, షీలస్ కంటే మూడేళ్ళు పెద్ద. పదిహేడో ఏట ఒకరోజు గుడారం ముందు నిలబడి, "నేను వెళ్తున్నా. నా కోసం రాకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. డింగ్వాల్ పట్నంలో రాళ్ళు చెక్కే పని నేర్చుకున్నాడు. ఇంటిపేరు మార్చుకున్నాడు. తల్లిదండ్రులు యుద్ధానికి ముందే పోయారని చెప్పుకున్నాడు. పని నేర్పిన మేస్త్రీ కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. ఈ సంగతులన్నీ తిరుగుడు జనం నోటే ఒక్కొక్కటిగా డూగల్‌కి చేరాయి.

తొమ్మిదేళ్ళ కిందట, తల్లి పోయిన వసంతంలో, ఆ కబురు చెప్పడానికి డూగల్ డింగ్వాల్ వెళ్ళాడు. షీలస్ కూడా వెంట వెళ్ళింది. తెల్ల సున్నం వేసిన మంచి ఇల్లు, కిటికీల్లో పూలకుండీలు. అనుమానం రాకుండా ఉండాలని డూగల్ రేకు సామాను మూట భుజాన వేసుకుని తలుపు తట్టాడు. షీలస్ గేటు దగ్గర ఆగిపోయింది. ఒక పెద్దావిడ, లాక్లన్ అత్తగారు కాబోలు, తలుపు తీసి, లోపలికి తిరిగి, "ఏం లేదు, ఎవడో క్యార్డ్" అంది.

ఆవిడ వెనకాల లాక్లన్ వచ్చి నిలబడ్డాడు. పన్నెండేళ్ళ తర్వాత కొడుకుని చూడటం డూగల్‌కి అదే. పెద్దావిడ కదల్లేదు. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు డూగల్ మూటలోంచి ఒక జగ్గు తీసి ముందుకు చాపి, "పాల జగ్గు కావాలా దొరా?" అన్నాడు.

"మాకేమీ అక్కర్లేదు" అన్నాడు లాక్లన్. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

ఇద్దరూ రోడ్డెక్కారు. వంతెన దగ్గర డూగల్ మూట మరో భుజం మీదికి మార్చుకుని, "బాగానే ఉన్నాడు. చెంపలు నిండాయి" అన్నాడు. తల్లి పోయిన సంగతి షీలసే తర్వాత ఉత్తరం రాసి తెలియజేసింది. జవాబు రాలేదు.

ఇది జరిగిన తొమ్మిదేళ్ళకి, ఒక మే నెలలో, టెగ్వెన్ అనే ఆవిడ చిన్న కారులో అఖవాన్ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, కళ్ళద్దాలు. వేల్స్ దేశస్థురాలు. పాత మాటలు పోగుచేసి అవి ఎక్కడ పుట్టాయో వెతకడం ఆవిడ ఉద్యోగం. ఊళ్ళో అందరి దగ్గరికీ వెళ్ళి, ఆఖరున ఊరి చివరి ఇంటికి వచ్చింది. మాటలు పట్టే పెట్టె ఒకటి, బరువైనది, రెండు చేతులతో మోసుకొచ్చి పెరట్లో బల్ల మీద పెట్టింది.

"ఏ ఊరమ్మా నీది? మా మాటే మాట్లాడుతున్నావు గానీ, నోట్లో గులకరాయి పెట్టుకున్నట్టుంది" అన్నాడు డూగల్.

"వేల్స్ అండీ. మా భాషా మీ భాషా దూరపు అక్కచెల్లెళ్ళు. చిన్నప్పుడే విడిపోయారు."

"విడిపోయినవాళ్ళు మళ్ళీ కలుసుకోవడం మంచిదే. కూర్చో. షీలస్, టీ పెట్టవే. మంచి కప్పులో ఇవ్వు."

మూడు రోజులు వచ్చిందావిడ. సుత్తిని ఏమంటారు, దాగలిని ఏమంటారు, రేకు అంచు మడిచే పద్ధతుల్ని ఏమంటారు అని ఒక్కొక్కటే అడిగింది. డూగల్ చేసి చూపించాడు. అతను జగ్గు మూతి మలుస్తుంటే ఆవిడ పెట్టె సంగతి మర్చిపోయి చేతులే చూస్తూ కూర్చుంది. మూడో రోజు, కొంచెం సందేహిస్తూ అడిగింది.

"మిమ్మల్ని అందరూ ఒక మాటతో పిలుస్తారు కదండీ. ఆ మాట గురించి అడగొచ్చా?"

వంటగదిలో షీలస్ చేతిలో గిన్నె ఆగిపోయింది. డూగల్ నవ్వాడు. "క్యార్డ్ అనే కదా? నోరు నొప్పెట్టదులే, అను. దాని గురించి అడిగేదేముంది, నీకు తెలియని తిట్టా?"

"తిట్టు కాదండీ" అందావిడ. "తిట్టుగా పుట్టలేదు."

షీలస్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. టెగ్వెన్ తన సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వెయ్యేళ్ళ కిందట ఐర్లండ్‌లో రాసిన పుస్తకాల్లో ఇదే మాట ఉంది. అక్కడ దానికి పనితనం అని అర్థం, పనితనం ఉన్న మనిషి అనీ అర్థం. బంగారం, వెండి, కంచు మలిచేవాణ్ణి అలా పిలిచేవారు. రాజు కూర్చునే సభలో అతనికో చోటుండేది. పద్యం కట్టేవాణ్ణి కూడా ఆ మాటతోనే పిలిచేవారు.

"మరి మీ దేశంలో?" అన్నాడు డూగల్. సుత్తి కింద పెట్టేశాడు.

"మా దేశంలో కూడా అదే మాట ఉంది, కెర్ద్ అంటాం. ఒకప్పుడు చేతిపని అనే అర్థం. ఇప్పుడు మాకు దానర్థం పాట, పద్యం."

"పాటా?"

"పాటేనండీ. మా అమ్మ చర్చిలో పాడేది కూడా కెర్దే."

డూగల్ గోడకి వేలాడుతున్న జగ్గుల్ని చూసి, "మీవాళ్ళు పాట చేసుకున్నారు. మావాళ్ళు తిట్టు చేసుకున్నారు" అన్నాడు. మళ్ళీ అడిగాడు, "అంతకు ముందు? రెండు దేశాలవాళ్ళూ విడిపోకముందు?"

టెగ్వెన్ కాగితం మీద ఒక మాట రాసింది. దాని ముందు చిన్న నక్షత్రం వేసింది. "కెర్దా. పనితనం అని. అందరికీ మూలం ఇదై ఉండాలి. గ్రీకువాళ్ళ దగ్గర దీనికో చుట్టం కూడా ఉంది. దానికి లాభం, ఉపాయం అని అర్థాలు."

"ఉపాయం సరే. లాభం మాత్రం దారి తప్పినట్టుంది, మా గుడారానికి రాలేదు" అన్నాడు డూగల్. టెగ్వెన్ గట్టిగా నవ్వింది. అతను నవ్వకుండా ఆ కాగితం మీదికి వంగాడు. అతనికి చదవడం రాదు గానీ నక్షత్రం గుర్తుపట్టాడు. "ఇదెందుకు వేశావు?"

"ఆ మాటని ఎవరూ వినలేదండీ. ఏ రాతి మీదా, ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లల మొహాలు చూసి, చనిపోయిన తాత మొహం ఇలా ఉండి ఉంటుందని ఊహించుకుంటాం చూశారా, అలా ఊహించింది. అందుకని ఆ గుర్తు."

"అంటే నిజం కాకపోవచ్చు."

"కాకపోవచ్చు. కానీ ఐర్లండ్ మాటా, మా మాటా నిజం. మీ మాట వాటి తోబుట్టువన్నదీ నిజం. అందులో ఊహ లేదు."

టెగ్వెన్ వెళ్ళేటప్పుడు ఆ కాగితం తన దగ్గర ఉంచుకుంటానని డూగల్ అడిగాడు. ఆవిడ దాని మీద తేటగా, నాలుగు వాక్యాల్లో అంతా రాసి ఇచ్చింది. కారు రోడ్డు మలుపు తిరిగేదాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి డూగల్‌కి అదొక వ్యసనమైంది. సాయంత్రం షీలస్ హోటల్ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, "ఆ కాగితం ఒకసారి చదవవే" అనేవాడు. చదివేది. "రాజు సభ దగ్గర మళ్ళీ చదువు" అనేవాడు. మళ్ళీ చదివేది. ఒకరోజు విసుగొచ్చి, "నీకు నోటికొచ్చేసింది కదా నాన్నా, నన్నెందుకు చంపుతావు" అంది.

"నాకొస్తే లాభం లేదే. ఇంకొకళ్ళ నోట వినాలి" అన్నాడు.

ఊళ్ళో ఒకరిద్దరికి చెప్పబోయాడు కూడా. గొర్రెల కాపరి ఒకడు విని, "అయితే నీకు కిరీటం చేసుకోవడానికి రేకు కావాలా?" అని పక్కవాళ్ళని నవ్వించాడు. ఆ తర్వాత డూగల్ ఎవరికీ చెప్పలేదు.

మరుసటి మార్చిలో మంచు ఆలస్యంగా కురిసింది. డూగల్‌కి జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు వచ్చి వెళ్ళాక, దిండుకి ఆనుకుని కూర్చుని, మాటకి మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు:

"నా రాతి మీద రాయించు."

"ఏం రాయించను నాన్నా?"

"పేరు. పేరు కింద ఆ మాట. నేను బతికుండగా వాళ్ళు నన్ను పేరుతో పిలవలేదు కదా. చచ్చాక రెండూ ఒకచోట ఉండనీ."

"నవ్వుతారు నాన్నా."

"కొందరు నవ్వుతారు. ఎప్పుడో ఎవరో ఆ కళ్ళద్దాలావిడ లాంటిది వస్తుంది. చదివి, ఇక్కడ పనివాడొకడు ఉండేవాడు అనుకుంటుంది."

మూడు రోజులకి, మధ్యాహ్నం, షీలస్ గంజి కలుపుతుండగా డూగల్ ప్రాణం పోయింది. ఆమె గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేసరికి మొహం గోడ వైపు తిరిగి ఉంది.

ఊరి చర్చి వెనక స్మశానంలో ఖననం జరిగింది. శవపేటికని గుంటలోకి దింపే తాళ్ళు పట్టడానికి మనుషులు తక్కువయ్యారు. స్మశానం చూసుకునే ముసలాయన టోర్కిల్, డెబ్బై ఎనిమిదేళ్ళవాడు, చేతికర్ర పక్కన పడేసి తనూ ఒక తాడు పట్టుకున్నాడు. అందరూ వెళ్ళిపోయాక గేటు అవతల చెట్ల కింద ఒక మనిషి నిలబడి ఉండటం షీలస్ చూసింది. నల్లకోటు, టోపీ చేతిలో ఉంది. దగ్గరికి వెళ్ళాక గానీ గుర్తుపట్టలేదు.

"నాన్న పోయాడని నువ్వు రాసిన ఉత్తరం అందింది" అన్నాడు లాక్లన్.

"అందితే లోపలికి రాకపోయావా అన్నయ్యా? తాడు పట్టేవాళ్ళు లేక పాపం ఆ ముసలాయన పట్టాడు."

లాక్లన్ తల వంచుకున్నాడు. షీలస్ అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. గోడ మీద జగ్గులన్నీ చూస్తూ అతను కుర్చీలో కూర్చున్నాడు, కోటు విప్పలేదు.

"రాయి నేను చెక్కుతాను. మంచి ఇసుకరాయి ఉంది నా దగ్గర. నాకు చేతనయిందల్లా అదే" అన్నాడు. షీలస్ తండ్రి కోరిక చెప్పింది. అతను దెబ్బ తగిలినట్టు లేచి నిలబడ్డాడు.

"పిచ్చా నీకు? ఆ మాటా? నాన్న రాతి మీదా?"

"నాన్నే అడిగాడు."

"నాన్నకేం తెలుసు! బళ్ళో కూర్చున్నాడా ఆయన? నన్ను వేరే బెంచీ మీద కూర్చోబెట్టారు, పేలు అంటుకుంటాయని. నాకు పేలు లేవు షీలస్. అమ్మ రోజూ దువ్వేది. సాయంత్రం వంతెన దాకా నా వెనకాలే వచ్చేవాళ్ళు. ఆ మాట వచ్చేది, దాని వెనకే రాయి వచ్చేది. ఇప్పటికీ డింగ్వాల్ బజార్లో ఎవడైనా ఆ మాట అంటే నాకు మెడ వెనక చల్లబడుతుంది. ఇరవై రెండేళ్ళు ఆ మాట నుంచి పరిగెత్తాను. ఇప్పుడు నా ఉలితో నేనే చెక్కాలా?"

"పరిగెత్తావు. మమ్మల్ని వదిలేసి పరిగెత్తావు" అంది షీలస్. "తలుపు వేసిన రోజు ఆయన దారిలో ఏమన్నాడో తెలుసా? నీ చెంపలు నిండాయన్నాడు. సంతోషపడ్డాడు."

లాక్లన్ గుమ్మం వైపు నడిచాడు. షీలస్ వెంటబడి, ఆ కాగితాన్ని అతని కోటు జేబులో కుక్కింది. "చెక్కొద్దు. చదువు. చదివాక పారెయ్" అంది.

నాలుగు నెలలు ఏ కబురూ లేదు. జులైలో ఒక పొద్దున్న అద్దె లారీ ఒకటి వచ్చి ఇంటి ముందు ఆగింది. లాక్లన్ దిగాడు. చిక్కిపోయాడు. లారీ వెనక గోనెగుడ్డల్లో చుట్టిన రాయి ఉంది.

షీలస్ గుడ్డ విప్పింది. తేనెరంగు ఇసుకరాయి. అక్షరాలు నిదానంగా, లోతుగా, ఒక్క అంచు కూడా బెసక్కుండా ఉన్నాయి. తండ్రి పేరు. పుట్టిన ఏడాది ఎవరికీ తెలియదు కాబట్టి పోయిన ఏడాది ఒక్కటే. దాని కింద, పేరుతో సమానమైన అక్షరాల్లో, క్యార్డ్.

"చిన్నగా చెక్కుదామనుకున్నాను" అన్నాడు లాక్లన్. "మొదలుపెట్టాక చిన్నగా చెక్కడం సిగ్గనిపించింది."

"వదినకి తెలుసా?"

"మామగారి షెడ్డులోనే చెక్కాను. మాట చూసి, ఇదెవరి రాయి అని అడిగారు. మా నాన్నదని చెప్పాను." అతను గోనెగుడ్డ మడత పెడుతూ ఉండిపోయాడు. "షెడ్డు తాళం తీసేసుకున్నారు. మీ వదిన ఒక్కటే ప్రశ్న అడిగింది. పదమూడేళ్ళు ఒకే మంచం మీద పడుకుని ఎలా దాచావు అంది. ఇల్లు వదిలి వచ్చేశాను. కొండ అవతల డ్యామ్ కడుతున్నారు కదా, అక్కడ పనికి కుదిరాను. పనివాళ్ళ షెడ్లలోనే పడుకోవడం."

"నేను అడక్కుండా ఉండాల్సింది అన్నయ్యా."

"నువ్వడగలేదు. నువ్వు చదవమన్నావు."

అన్నాచెల్లెళ్ళిద్దరూ, లారీ డ్రైవరూ కలిసి రాయి నిలబెట్టారు. స్మశానంలో ఇంకెవరూ లేరు. టోర్కిల్ ముసలాయన జూన్ నుంచే ఛాతీ జబ్బుతో ఇన్‌వర్‌నెస్ ఆసుపత్రిలో ఉన్నాడు. రాయి నిలబెట్టాక లాక్లన్ దాని అంచుని అరచేత్తో తుడిచాడు. ఆ మాట మీద చేయి వేసి కొంచెంసేపు అలాగే ఉంచాడు. తర్వాత డ్యామ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ప్రతి ఆదివారం షీలస్ వెళ్ళి చూసి వచ్చేది. ఊళ్ళో ఒకరిద్దరు చూశారు, గుసగుసలాడుకున్నారు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. సెప్టెంబరులో హోటల్ నిండా జింకల వేటకి వచ్చిన దొరలుండటంతో రెండు ఆదివారాలు వెళ్ళడానికి కుదరలేదు. మూడో ఆదివారం వెళ్ళింది.

పేరు ఉంది. ఏడాది ఉంది. దాని కింద తెల్లగా, గరుగ్గా, అరచేతి వెడల్పున గుంటపడి ఉంది. రాయి దిగువన గడ్డి మీద ఇసుక రాలి ఉంది.

ఆమె అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. వెనక నుంచి చేతికర్ర చప్పుడు వినపడింది. టోర్కిల్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు గానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"చూశావా తల్లీ? నువ్వు చూడకముందే తీసేద్దామనుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే చూశాను. నా గుండె ఆగిపోయినంత పనయింది. ఎంత పాపిష్టివాళ్ళు! బతికున్నన్నాళ్ళూ అన్నది చాలక చచ్చినవాడి రాతి మీద కూడానా!"

షీలస్ నోరు తెరిచింది. ముసలాయన ఆగలేదు.

"రెండు రోజులు పట్టింది. నా దగ్గర ఉలి ఎక్కడిది? కొడవలి నూరే రాయి పెట్టి రుద్దాను. మోకాళ్ళ కింద సంచీ వేసుకుని. డాక్టరు చూస్తే తిడతాడు. పోనీలే, తిట్టనీ." అతని చేతులు చూసింది. వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయి, గడ్డకట్టిన రక్తం ఉంది. "మీ నాన్న మంచివాడమ్మా. ఈ ఊరు ఆయన్ని సరిగ్గా చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు. ఇదైనా చేద్దామనిపించింది."

షీలస్ ఆ చేతులు పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేను పెద్దయ్యా" అంది. అతను తృప్తిగా తల ఊపి, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

అన్నకి ఆమె రాయలేదు. అతను మాత్రం డ్యామ్ నుంచి రాసేవాడు. రాయి ఎలా ఉంది, వానకి నాచు పట్టిందా, అక్షరాలు తేటగానే ఉన్నాయా అని అడిగేవాడు. "బాగానే ఉంది" అని జవాబిచ్చేది. ఆ రెండు మాటలు రాయడానికి ఒక సాయంత్రమంతా పట్టేది. చలికాలమంతా అలా గడిచింది.

ఏప్రిల్‌లో లాక్లన్ చెప్పకుండా వచ్చాడు. బస్సు దిగి తిన్నగా స్మశానానికే వెళ్ళాడు. హోటల్లో ఎవరో చెప్పగా షీలస్ చేతులు తుడుచుకుంటూనే పరిగెత్తింది. ఆమె వెళ్ళేసరికి అతను రాయి ముందు నిలబడి ఉన్నాడు.

"ఎవరు?" అన్నాడు.

ఆమె చెప్పింది. అంతా చెప్పింది, ముసలాయన వేళ్ళ కణుపులతో సహా. "నీకు ఎలా చెప్పాలో తెలియలేదు" అంది.

"ఆయన ఇల్లెక్కడ?"

"అన్నయ్యా, ఆయన్నేమీ అనకు. ఈ చలికాలం దాటడమే గొప్ప."

"ఇల్లెక్కడ షీలస్?"

టోర్కిల్ నిప్పు దగ్గర కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. షీలస్‌ని చూసి సంతోషించాడు, వెనక వచ్చిన మనిషిని చూసి కుర్చీ చూపించాడు. "రా బాబూ. ఎవరమ్మా ఈయన?"

లాక్లన్ కూర్చోలేదు. "డూగల్ కొడుకుని" అన్నాడు.

పరాయివాళ్ళ ఇంట్లో, పరాయి మనిషితో అన్నయ్య అలా చెప్పుకోవడం షీలస్ ఎప్పుడూ వినలేదు. మామగారి షెడ్డులో అన్నప్పుడు ఆమె అక్కడ లేదు.

"కొడుకా! డూగల్‌కి కొడుకున్నాడా! నాకెవరూ చెప్పనేలేదే. కూర్చో బాబూ, కూర్చో. అచ్చం ఆయన భుజాలే. షీలస్, ఆ అల్మరాలో కేక్ ఉంది, తియ్యమ్మా." ముసలాయన లాక్లన్ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మీ నాన్న నా నీళ్ళ బకెట్టుకి అడుగు వేశాడు. ఇప్పటికీ ఉంది, బయట చూడు, చుక్క కారదు. అలాంటి మనిషి రాతి మీద ఏం చెక్కారో చెల్లెలు చెప్పిందా?"

"చెప్పింది."

"కుర్రాళ్ళ పని అనుకున్నాను ముందు. తర్వాత చూస్తే పేరు చెక్కిన చేయే అది. అంటే ఆ రాయి చేసిన మేస్త్రీయే, ఎవడో పట్నంవాడు, నవ్వుకోవడానికి చెక్కాడన్నమాట. ఆడపిల్ల కదా, ఏమంటుందిలే అని. వాడి చేయి పడిపోను! పని తెలిసినవాడు బాబూ, అదే నాకు మంట. అంత పని తెలిసినవాడికి అంత నీచబుద్ధి ఎందుకుండాలి?"

షీలస్ కేక్ పళ్ళెం పట్టుకుని అల్మరా దగ్గరే నిలబడిపోయింది. లాక్లన్ ముసలాయన కణుపుల మీది మచ్చల్ని చూస్తున్నాడు.

"ఎందుకుంటుందో తెలియదు" అన్నాడు చివరికి. "మీరు చేసిన మేలు మర్చిపోను పెద్దయ్యా."

"మేలేముంది. మీ నాన్న నిద్ర చెడకూడదు, అంతే."

టీ తాగారు. కేక్ తిన్నారు. ముసలాయన డ్యామ్ సంగతులు అడిగాడు. లాక్లన్ అన్నిటికీ జవాబు చెప్పాడు. వచ్చేటప్పుడు టోర్కిల్ గుమ్మందాకా వచ్చి, మళ్ళీ రమ్మని, ఈసారి పెళ్ళాన్ని కూడా తీసుకురమ్మని చెప్పాడు.

రోడ్డు పక్క బస్సు ఆగేచోట రాతిగోడ మీద ఇద్దరూ కూర్చున్నారు. వాన పడేటట్టు ఉంది. షీలస్ అడిగింది. "మళ్ళీ చెక్కుతావా?"

"అక్కడ రాయి పలచబడింది. ఇంకా లోతుకి పోతే పగులుతుంది." ఆగి అన్నాడు, "పగలకపోయినా చెక్కను. ఆయన చూస్తాడు కదా. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటాడు."

"ఆయనకి నిజం చెబుదామా?"

"ఏమని? ఆ మాట తిట్టు కాదనా? మనకి చెప్పడానికి వేల్స్ నుంచి ఒక మనిషి రావాల్సొచ్చింది. ఆయనకి నేను చెబితే నమ్ముతాడా?" లాక్లన్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసుకుంటున్నాడు. "నన్ను మెచ్చుకున్నాడు విన్నావా. పని తెలిసినవాడన్నాడు."

బస్సు మలుపు తిరిగి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. డ్రైవరు తలుపు తీసి చూశాడు. లాక్లన్ లేవలేకపోయాడు. భుజాలు కదిలిపోతున్నాయి, చెల్లెలి వైపు మొహం తిప్పడం లేదు. షీలస్ డ్రైవరుకి పొమ్మని చేయి ఊపింది. ఆ రోజు డ్యామ్ వైపు మరి బస్సు లేదు. వాన మొదలైంది. ఆమె తన శాలువా సగం అతని మీద కప్పింది. ఇద్దరూ ఆ గోడ మీదే కూర్చున్నారు.